మే నెలలో విశాఖ తీరాన కైట్‌బోర్డింగ్: సూచనలో 18 నాట్లు కనిపిస్తే నీటిలోకి దిగవచ్చునా?

తెరచాప (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. నేను రామేశ్వరంలో కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుండగా పలక మీద నిలబడి నీటిపై సాగే క్రీడ) శిక్షణ పూర్తి చేసుకుని, గాలికి ఎదురు ఎక్కుతూ బయలుదేరిన చోటికే తిరిగి రాగలిగే స్థాయికి వచ్చాను. ఇకపై ప్రతిసారీ అంత దూరం వెళ్లకుండా, విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న ఇసుక తీరాలలో, అనుమతి ఉన్న చోట సాధన చేయాలని అనుకుంటున్నాను. నా బరువు 75 కిలోలు. నా దగ్గర 12, 9 చదరపు మీటర్ల కైట్లు రెండు ఉన్నాయి.

ఈ శనివారం మధ్యాహ్నం 1 గంటకు 18 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి, 27 నాట్ల గస్ట్‌లు (క్షణకాలం ఎగసే గాలి విసుర్లు), 245 డిగ్రీల దిశ (ఉత్తరం 0, తూర్పు 90గా లెక్కించి, గాలి వచ్చే దిక్కు) అని వాతావరణ యాప్ చూపుతోంది. సాయంత్రం 4 గంటలకు 16 నాట్లు, గస్ట్‌లు 20, దిశ 205 డిగ్రీలు అని ఉంది. ఆరు గంటల తర్వాత ఉరుముల గుర్తు కూడా వేశారు. మధ్యాహ్నపు గాలి బలంగా ఉంది కాబట్టి అప్పుడే వెళ్లి, ఉరుములు రాకముందే ముగించుకోవడం మంచిదని నాకు అనిపిస్తోంది. అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను.

గాలివాటం (రామేశ్వరం, చెన్నై):

తెరచాప గారూ, మీరు సూచనలో మొదట వేగాన్ని చూశారు. నేనైతే మొదట దిశను చూస్తాను. విశాఖ నుంచి భీమిలి వరకు తీరం సుమారుగా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. అంటే 225 డిగ్రీల నుంచి వీచే గాలి ఒడ్డు వెంబడే పోతుంది. అంతకంటే తక్కువ డిగ్రీలలో, 190 నుంచి 215 మధ్య వీచే గాలి సముద్రం మీద నుంచి కొద్దిగా ఒడ్డు వైపు ఏటవాలుగా వస్తుంది కనుక, కైట్ పడిపోయినా, తాడు తెగినా, ఆ గాలే మిమ్మల్ని కాసేపటికి ఇసుక మీదకు చేరుస్తుంది. 245 డిగ్రీల గాలి అలా కాదు. అది నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అందులో మీకు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా, నిమిషం నిమిషానికీ ఒడ్డు దూరమవుతూనే ఉంటుంది.

అందువల్ల మధ్యాహ్నం 1 గంట సూచనలో 18 అనే అంకెను పక్కన పెట్టండి. ఆ దిశలో 14 నాట్లు ఉన్నా, 22 నాట్లు ఉన్నా, సహాయక పడవ లేని తీరంలో నా సమాధానం ఒక్కటే: దిగకూడదు.

గస్ట్‌ల సంగతి కూడా చెప్పాలి. గాలి బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. 18 నుంచి 27కు వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు కనిపించినా, కైట్ మీద పడే లాగుడు రెండుంపావు రెట్లవుతుంది. 18కి సరిపడే కైట్ కట్టుకుని నిలబడిన మనిషికి, ఆ గస్ట్ వచ్చిన క్షణంలో రెండింతలకు మించిన కైట్ చేతిలో ఉన్నట్టే లెక్క. 16 మీద 20 గస్ట్ అంటే లాగుడు సుమారు 1.56 రెట్లు మాత్రమే. సాయంత్రపు అంకెలు పైకి బలహీనంగా కనిపిస్తున్నా, మీ స్థాయికి అవే మేలైన గాలి.

నైరుతి (గోవా):

గాలివాటం గారి మాటలో చాలా వరకు నిజముంది కానీ, నేల మీద నుంచి వీచే గాలిని పూర్తిగా తోసిపుచ్చడం కొంత అతిజాగ్రత్త అని నా భావన. అటువంటి గాలిలో అలలు లేవకుండా నీరు చదునుగా ఉంటుంది. కొత్తగా మలుపులు నేర్చుకునేవారికి అంతకంటే అనుకూలమైన నీరు దొరకదు. మరబోటు సిద్ధంగా ఉంచుకుని, ఒడ్డుకు దగ్గరలోనే తిరిగితే ప్రమాదమేమిటి?

గాలివాటం (రామేశ్వరం, చెన్నై):

నైరుతి గారూ, చదునైన నీరే అక్కడ ఉచ్చుగా పని చేస్తుంది. రామేశ్వరం దీవి నుంచి ధనుష్కోటి కొస వరకు సాగిన ఇసుక తిన్నెను తీసుకోండి. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. అక్కడివారు ఉత్తరపు నీటిని ఆడకడలి అనీ, దక్షిణపు నీటిని మగకడలి అనీ పిలుస్తారు. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణం వైపు అలలతో గరగరలాడుతుంటే, ఉత్తరం వైపు అద్దంలా ఉంటుంది. కొత్తవారి కళ్లు సహజంగా ఆ అద్దం వైపే పోతాయి. కానీ ఆ రోజుల్లో ఉత్తరపు ఒడ్డు మీద గాలి నీటిలోకే తోస్తుంది. ఈశాన్య రుతుపవనంలో ఇది తారుమారై దక్షిణపు ఒడ్డుకు అదే స్థితి వస్తుంది. మంచి శిక్షకులు ఋతువును బట్టి ఒడ్డు మార్చడానికీ, పడవ లేకుండా కొన్ని చోట్లకు విద్యార్థులను పంపకపోవడానికీ కారణం ఇదే.

మరబోటు నిజంగా సిద్ధంగా ఉండి, ఇంజను నడుస్తూ, దాన్ని నడిపే మనిషికి కైట్ తాళ్లను ఎలా సమీపించాలో తెలిసి ఉంటే మీ మాటకు అర్థముంది. తెరచాప గారు ఒంటరిగానో, ఒక స్నేహితుడితోనో వెళ్లబోతున్నారు.

విశాఖకు ప్రత్యేకమైన మరో కారణమూ ఉంది. అక్కడ తూర్పు కనుమల గుట్టలు దాదాపు నీటి అంచు వరకు వచ్చి నిలబడ్డాయి. పడమటి గాలి ఋషికొండ, కైలాసగిరి వంటి కొండల మీదుగా, ఎత్తైన భవనాల మీదుగా దిగివచ్చేటప్పుడు చెదిరిపోతుంది. అడ్డంకి ఎత్తుకు పది రెట్ల దూరం వరకైనా ఆ చెదురు ఉంటుందని ముందే లెక్క వేసుకోవాలి. 100 మీటర్ల గుట్ట అయితే కిలోమీటరు దూరం. అంటే ఒడ్డుకు దగ్గరలో తిరుగుతానన్న మనిషి సరిగ్గా ఆ చెడిన గాలిలోనే తిరుగుతాడు. కైట్ ఒక క్షణం వేలాడిపోతుంది, మరుక్షణం లాగేస్తుంది. నిలకడైన గాలి కోసం దూరం వెళ్తే తిరిగిరావడం కష్టమవుతుంది.

మేఘమాల (విశాఖపట్నం):

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చదువుకున్నాను. కైట్‌బోర్డింగ్ చేయను కానీ, ఈ శనివారపు సూచనలో 1 గంటకూ 4 గంటలకూ మధ్య దిశ ఎందుకు 40 డిగ్రీలు మారుతోందో వివరించగలను. ఆ మార్పే ఇక్కడ అసలు విషయమని నా అభిప్రాయం.

మార్చి నుంచి మే వరకు మన ఉత్తరాంధ్ర తీరం వెంబడి నైరుతి గాలి వీస్తుంది. తీరం దగ్గర అడుగునీరు పైకి వచ్చి సముద్రం కొంత చల్లబడడానికి కూడా ఈ గాలే కారణం. దానికి తోడు పగటిపూట నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి తోడైన రోజున మధ్యాహ్నం నుంచి దక్షిణ, నైరుతి గాలి చక్కగా, నిలకడగా ఉంటుంది. అయితే మే చివరికి వచ్చేసరికి పైన పడమటి గాలులు బలపడతాయి. ఎండిన నేల మీద నుంచి వచ్చే వడగాలి సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలువరిస్తుంది. అటువంటి రోజున సముద్రపు గాలి పదకొండు గంటలకు రావలసింది రెండు, మూడు గంటలకు వస్తుంది. కొన్ని రోజులు అసలు రాదు. విశాఖలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల వైపు పాకే రోజులు సాధారణంగా అవే.

ఈ రెండు గాలులూ తలపడే సమయం మీ క్రీడకు ఎంత ప్రమాదకరమో ఊహించండి. ముందు పడమటి గాలి సన్నగిల్లుతుంది. తర్వాత కొంతసేపు దాదాపు గాలి ఉండదు. ఆపైన మరో దిశ నుంచి ఒక్కసారిగా కొత్త గాలి వస్తుంది. 1 గంటకు నీటిలోకి దిగినవారు, కైట్ నీటిలో పడి, ఒడ్డుకు దూరంగా, ఆ నిశ్శబ్ద విరామంలో చిక్కుకునే అవకాశం ఉంది.

యాప్‌లు ఈ మార్పు జరుగుతుందని చెప్పగలవు కానీ, ఏ నిమిషంలో, ఏ తీరంలో అన్నది చెప్పలేవు. సూచనలను లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు భూమిని గడులుగా విడదీస్తాయి. యూరోపియన్ నమూనా గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికన్ జీఎఫ్‌ఎస్ గడి సుమారు 13 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో సగం నేల, సగం సముద్రం ఉంటాయి. ఋషికొండ వంటి గుట్ట ఆ నమూనాకు కనిపించనే కనిపించదు. రెండు నమూనాలూ ఒకే మాట చెబితే నమ్మకం పెంచుకోండి. ఒకటి 205 అనీ, మరొకటి 250 అనీ అంటే, సముద్రపు గాలి గెలుస్తుందో లేదో వాటికే తేలలేదని అర్థం చేసుకోండి.

ఒడ్డున నిలబడి గమనించవలసినవి చెబుతాను. ముఖానికి తగిలే గాలి పొడిగా, వేడిగా ఉంటే అది ఇంకా నేల గాలే. హఠాత్తుగా చల్లబడి, చర్మానికి జిడ్డుగా తగిలితే సముద్రపు గాలి వచ్చినట్టు. అలా వచ్చాక కనీసం అరగంటసేపు దిశ నిలబడిందో లేదో చూసిన తర్వాతే కైట్‌లో గాలి నింపడం మొదలుపెట్టడం మంచిది.

తెరచాప (విశాఖపట్నం):

ఎంతో ఉపయోగకరమైన వివరణ. విమానాశ్రయం వారు అరగంటకోసారి ఇచ్చే వాతావరణ నివేదికను ఆ రోజున చూడవచ్చునా? నిన్న మధ్యాహ్నపు నివేదికలో 24014కెటి అని మాత్రమే ఉంది, గస్ట్ అక్షరం లేదు. గస్ట్‌లు లేవని దాని అర్థమా?

మేఘమాల (విశాఖపట్నం):

తప్పకుండా చూడవచ్చు. అందులో మొదటి మూడు అంకెలు గాలి వచ్చే దిశ, తర్వాతి రెండూ నాట్లలో వేగం. అంటే 240 డిగ్రీల నుంచి 14 నాట్లు. అయితే ఆ నివేదికలో సగటు కంటే గస్ట్ 10 నాట్లు లేదా అంతకు మించి ఉన్నప్పుడే గస్ట్ రాయడం పద్ధతి. 14 మీద 22 వచ్చినా రాయకపోవచ్చు. విమానాలకు అది పెద్ద తేడా కాదు, మీకు మాత్రం లాగుడు దాదాపు రెండున్నర రెట్లు. కనుక ఆ అక్షరం లేకపోవడాన్ని నిలకడకు సాక్ష్యంగా తీసుకోవద్దు. పైగా మన విమానాశ్రయం కొండల మధ్య, ఒడ్డుకు లోపలగా ఉంది. అక్కడి దిశ మారిందంటే సముద్రపు గాలి అంతవరకు చొచ్చుకుపోయిందని తెలుస్తుంది. ఆ ఒక్క విషయానికే నేనైతే దాన్ని వాడతాను.

ఫాస్టర్ సిటీ (కాలిఫోర్నియా):

ఒక చిన్న మాట చేరుస్తాను. నేను శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కైట్ చేస్తాను. ఇక్కడ ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు సముద్రం మీద అధిక పీడనం, లోపలి లోయలో వేడి వల్ల అల్పపీడనం ఏర్పడి, ఆ తేడాయే గాలిని లోపలికి లాగుతుంది. అందుకని ఇక్కడివారు గాలి సూచనతో ఆగక, శాన్‌ఫ్రాన్సిస్కోకూ శాక్రమెంటోకూ మధ్య పీడన భేదం ఎన్ని మిల్లీబార్లో చూస్తారు. కారణం నిలిచి ఉందో లేదో తెలిస్తే, గాలి నిలిచి ఉంటుందో లేదో అంచనా వేయవచ్చు. మేఘమాల గారు చెప్పినదీ అదే రీతి ఆలోచన.

ఇక్కడ అలవడిన మరో క్రమశిక్షణ ఆటుపోట్లను గాలితో కలిపి చూడడం. గోల్డెన్ గేట్ దగ్గర క్రిస్సీ ఫీల్డ్‌లో సాయంత్రం గాలి పడిపోయే వేళకు ఆటు బలంగా ఉంటే, కైట్ పడిన మనిషిని నీరు వంతెన కిందుగా మహాసముద్రంలోకి తీసుకుపోతుంది. గాలి ఎంత బాగున్నా, ఆ సమయానికి ఆటు ఉంటే ముందే బయటికి వచ్చేస్తారు. విశాఖలో ఆటుపోట్ల తేడా ఎక్కువ కాదు కానీ, కాకినాడ అఖాతంలోనో, నదీ ముఖద్వారాల దగ్గరో సాధన చేయాలనుకునేవారు ఈ లెక్క వేసుకోవాలి.

కాకినాడ రేవు (కాకినాడ):

మాది సముద్రం మీద బతికిన కుటుంబం. ఫాస్టర్ సిటీ గారు చెప్పిన ఆటు విషయం మా దగ్గర అక్షరాలా నిజం. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల మా అఖాతంలో నీరు చదునుగా కనిపిస్తుంది కానీ, నీరు తీసే వేళ లోతు తగ్గి బురద తిన్నెలు తేలుతాయి. అక్కడ కైట్ పడితే నడిచి రావడం కూడా సాధ్యం కాదు.

అసలు నేను చెప్పదలచింది వాతావరణ శాఖ వారి మత్స్యకారుల హెచ్చరిక గురించి. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయని పత్రికలలో చదువుతుంటాం. నాట్లలోకి మారిస్తే అది 24 నుంచి 30, గరిష్ఠంగా 35. కైట్ చేసే కొందరు ఈ లెక్క చూసి, చిన్న కైట్ కట్టుకుంటే మంచి రోజే కదా అని అనుకుంటారు. ఆ హెచ్చరికలో ముఖ్యమైన మాట ఈదురుగాలి అన్నది. సగటు మీద ఒక్కసారిగా 16 నాట్లో, అంతకంటే ఎక్కువో పెరిగి కనీసం నిమిషంసేపు నిలబడే గాలిని ఈదురుగాలి అంటారు. దానికి సరిపడే కైట్ అంటూ ఉండదు. వేటకు వెళ్లవద్దన్న రోజున మా పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజున మీరు కూడా నీటిలోకి వెళ్లవద్దు.

బంగాళాఖాతంలో వాయుగుండం వాయవ్య దిక్కున, ఒడిశా వైపు ఉన్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి. కేంద్రం దూరంగా ఉందని, మన దగ్గర వాన కూడా లేదని, గాలి మాత్రం బాగుందని అనిపిస్తుంది. కానీ గాలి దాని చుట్టూ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది కాబట్టి, నైరుతి భాగంలో ఉన్న మనకు అది పడమర, వాయవ్యాల నుంచి వస్తుంది. అంటే మన ఒడ్డు నుంచి సముద్రంలోకి.

నైరుతి (గోవా):

కాకినాడ రేవు గారి చివరి వాక్యం నన్ను ఆలోచింపజేసింది. గోవాలో తీరం పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి, మాకు మధ్యాహ్నపు వాయవ్య గాలి సముద్రం మీద నుంచే వస్తుంది. అదే వాయవ్య గాలి తూర్పు తీరంలో పూర్తిగా వేరు. పడవ లేని ఒంటరి సాధకుడి విషయంలో గాలివాటం గారి నిర్ణయాన్ని నేను అంగీకరిస్తున్నాను.

ఇక నాదొక ప్రశ్న. సాయంత్రం 4 గంటల గాలి మంచిదని అందరూ అంటున్నారు. ఆరు తర్వాత ఉరుములున్నాయి కదా. ఎంతసేపటి ముందు బయటికి రావాలి?

మేఘమాల (విశాఖపట్నం):

ఇది చాలా అవసరమైన ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల మేఘాలు మధ్యాహ్నం తర్వాత అరకు వైపు కొండల మీద, దక్షిణ ఒడిశా మీద పుట్టి, సాయంత్రానికి తీరం వైపు జరుగుతాయి. యాప్‌లోని ఆరు గంటల గుర్తు ఒక అంచనా మాత్రమే, నాలుగున్నరకే రావచ్చు. అందుచేత గడియారాన్ని నమ్మక రాడార్‌ను చూడాలి. వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్ కైలాసగిరి మీదే ఉంది, దాని చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వరుసగా మూడు నాలుగు చిత్రాలు చూస్తే, ఆ ముద్ద ఏ వైపు జరుగుతోందో, పెరుగుతోందో, చెదిరిపోతోందో అర్థమవుతుంది.

మరువకూడని సంగతి ఏమిటంటే, వాన కంటే ముందు గాలి వస్తుంది. క్యుములోనింబస్ (ఉరుముల) మేఘం నుంచి కిందికి దిగిన చల్లని గాలి నేలను తాకి నలువైపులా పరుచుకుంటూ, వాన పడే చోటికి 20, 30 కిలోమీటర్ల ముందుకు కూడా చేరగలదు. అది కొండల వైపు నుంచి, అంటే మీకు ఒడ్డు నుంచి సముద్రంలోకి వస్తుంది. అప్పటివరకు హాయిగా వీస్తున్న దక్షిణపు గాలి హఠాత్తుగా సన్నగిల్లడం దాని రాకకు ముఖ్యమైన సూచన. గాలి తగ్గింది, పెద్ద కైట్ కట్టుకుందామన్న ఆలోచన అటువంటి క్షణంలో ప్రాణాంతకం. పడమట నల్లని అంచుతో విల్లులా వంగిన మేఘం కనిపించినా, తడి మట్టి వాసనతో చల్లని గాలి తగిలినా, కైట్ దించి గాలి తీసేయాలి.

పిడుగుల విషయానికి వస్తే, మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు అంటే సుమారు 10 కిలోమీటర్ల దూరం. నా ఉద్దేశంలో 20 మీటర్లకు మించిన తాళ్ల చివర కైట్ ఎగరేసి తడిగా నిలబడే మనిషి అంతవరకు ఆగకూడదు, మొదటి ఉరుము వినగానే ముగించాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేవరకు మళ్లీ తీరానికి రాకూడదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి దామిని యాప్ దగ్గరలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది.

గాలివాటం (రామేశ్వరం, చెన్నై):

దీనికి అలల మాట కలుపుతాను. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన పొడవాటి అలలు మన తీరాలకు చేరుతుంటాయి. ఇక్కడ గాలి లేకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, అవి వస్తాయి. అల ఎత్తు ఒక మీటరే అని చూసి ఊరుకోకుండా, అల వ్యవధి (ఒక అల తర్వాత మరో అల రావడానికి పట్టే సమయం) కూడా చూడండి. 6, 7 సెకన్ల మీటరు అల వేరు, 15 సెకన్ల మీటరు అల వేరు. రెండోది నిటారైన ఒడ్డు మీద ఎంతో బలంగా విరుగుతుంది, వెనక్కి పోయే నీరు కూడా లాగుతుంది. ఆర్.కె. బీచ్ వంటి చోట ఉన్న లోనికి లాగే ప్రవాహాల గురించి విశాఖవాసులకు నేను చెప్పనవసరం లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వారు ఎత్తైన అలల, ఉప్పెన అలల హెచ్చరికలు విడుదల చేస్తారు. గాలి సూచనతో సమానంగా దాన్ని కూడా చూడాలి.

కైట్ పరిమాణం విషయంలో, 16 మీద 20 నాట్లకు మీ 75 కిలోల బరువుతో 12 సరిపోతుందనే చాలామంది చెబుతారు, చదునైన నీటిలో నేనూ అదే చెప్పేవాడిని. తెలియని తీరం, ఒడ్డున విరిగే అల, సాయంత్రానికి ఉరుముల అవకాశం కలిసినప్పుడు 9తోనే మొదలుపెట్టమంటాను. దానితో గాలికి ఎదురు ఎక్కలేకపోతే ఒడ్డు వెంబడి నడిచి రండి.

తెరచాప (విశాఖపట్నం):

అందరి మాటలూ విన్న తర్వాత నా ఆలోచన మార్చుకున్నాను. మధ్యాహ్నం వెళ్లను. మూడు గంటలకు ఒడ్డుకు చేరి, సముద్రపు గాలి వచ్చిందో లేదో చూస్తాను. 220 లోపు దిశ అరగంట నిలబడితే, రాడార్‌లో కొండల మీద ఏమీ లేకపోతే, 9తో గంటసేపు మాత్రం చేస్తాను. దిశ 230 దాటినా, గాలి హఠాత్తుగా తగ్గినా బయటికి వస్తాను. స్నేహితుడు ఒడ్డునే ఉండి రాడార్ చూస్తుంటాడు. ఇంకేమైనా మిగిలిందా?

కాకినాడ రేవు (కాకినాడ):

ఒడ్డున గాలి వాలు వైపు (గాలి పోయే వైపు) 200 మీటర్ల వరకు ఖాళీగా ఉందో లేదో ముందే నడిచి చూడండి. మా పడవలు, మోకులు, ఆరేసిన వలలు, లంగరు తాళ్లు దూరం నుంచి కనిపించవు. దిగేముందు అక్కడున్న జాలరులతో మాట్లాడి, మీరు ఎటు వెళ్తారో, ఎప్పటికి తిరిగి వస్తారో చెప్పండి. ఉదయం వేట నుంచి వచ్చినవారిని అడిగితే, ఆ రోజు నీరు ఏ వైపు లాగుతోందో కూడా చెబుతారు. అది ఏ యాప్‌లోనూ దొరకదు. స్నేహితుడి ఫోనులో తీర రక్షక దళం వారి 1554, మెరైన్ పోలీసుల 1093 నంబర్లు రాసిపెట్టండి. మీరు ఒడ్డుకు చేరలేకపోతున్నారని అనుమానం వచ్చిన వెంటనే, మీ కోసం మరికాస్త చూద్దామని ఆగకుండా అతను ఫోన్ చేయాలని ముందే మాట్లాడుకోండి.